అలేన్ డానియేలూ జీవితము – తృతీయాప్రకృతి శబ్దవిచారము

పుదుచ్చేరి నగరమున 1955లో స్థాపింపబడిన ఫ్రెంచి భారతవిద్యాసంస్థకు తొలి సంవత్సరములలో సేవచేసిన పండితులలో అలేన్ డానియేలూ ఒకరు. సంగీతశాస్త్రజ్ఞుడుగను, శైవమతవ్యాఖ్యాతగను, కామసూత్రముల అనువాదకుడుగను ఆయన కీర్తి ఖండాంతరములకు వ్యాపించినది. ఆయన స్వలింగానురాగి. ఆ సంగతిని ఆయన దాచలేదు. స్వీయచరిత్రయందు స్వయముగా వ్రాసికొనెను. ఆయన పుట్టిన కుటుంబపు మతము ఆ స్వభావమును పాపమనెను. ఆయన యౌవనకాలపు ఐరోపా వైద్యశాస్త్రము వ్యాధి యనెను. కాశీనగరమున ఆయన అధ్యయనము చేసిన శాస్త్రములు ప్రకృతి యను మాట వాడినవి. ఈ మూడింటిలో కడపటిదే యథార్థమని ఆయన నమ్మెను. ఆ నమ్మకము ఆయనకు జీవితాధారమైనది. అది శబ్దప్రమాణమునకు ఎంతవరకు నిలుచుననునది మాత్రము వేఱు ప్రశ్న. ఆయన చరిత్రమును ఈ రెండు దృష్టులతోను పరిశీలింపవలసియున్నది.

డానియేలూ 1907 అక్టోబరు 4వ తేదీన పారిసు నగరమునకు ఆనుకొనియున్న నయీ-సూర్-సేన్ పట్టణమున జన్మించెను. తండ్రి షార్ల్ డానియేలూ బ్రిటనీ ప్రాంతీయుడు. శాసనసభ్యుడై పలుమారులు మంత్రిపదవి వహించెను. మతాచార్యుల ఆధిపత్యమును అంగీకరింపని రాజకీయవాది. తల్లి మదలేన్ అందుకు భిన్నముగా పరమభక్తురాలగు కాథలిక్కు. బాలికావిద్యకై పాఠశాలలను, ఒక ధార్మికసమాజమును స్థాపించిన విదుషీమణి. అలేన్ సోదరుడు జాన్ జెసూట్ సంఘమున చేరి, వేదాంతపండితుడై, 1969లో కార్డినల్ పదవి నందెను. ఒక తల్లి బిడ్డలలో ఒకరు రోమక మతపీఠమునకు స్తంభము కాగా, వేఱొకరు కాశీలో శివదీక్ష పొందుట ఆ కుటుంబచరిత్రలోని వైచిత్ర్యము.

అలేన్ బాల్యమునుండి సంగీత చిత్రలేఖనములయందు ఆసక్తుడు. షార్ల్ పాంజేరా యొద్ద గానమును, మాక్స్ దోలోన్ యొద్ద స్వరరచనను, నికొలాయ్ లెగాట్ యొద్ద నృత్యమును అభ్యసించెను. ఆ కాలపు ఫ్రాన్సు చట్టము ఆయన స్వభావమును నేరముగా గణింపలేదు. విప్లవానంతరము 1791లో ఏర్పడిన శిక్షాస్మృతి యందు, వయోజనుల ఏకాంతసమ్మతసంబంధములు నేరములపట్టికనుండి తొలగింపబడినవి. కాని చట్టము విడిచినదానిని సమాజము విడువలేదు. తల్లి గృహమున అది ఉచ్చరింపరాని విషయము. వైద్యగ్రంథములలో అది లోపము.

ఇక్కడ ఐరోపా పదముల చరిత్ర కొంత తెలిసికొనవలసియున్నది. పూర్వకాలమున క్రైస్తవధర్మశాస్త్రము నిషేధించినది ఒక క్రియను. ఆ క్రియ చేసిన ప్రతివాడును పాపియే గాని, ప్రత్యేకమగు జాతివాడు కాడు. 1864 మొదలు కార్ల్ హైన్రిఖ్ ఉల్రిఖ్స్ అను జర్మను న్యాయవేత్త, పురుషదేహమున స్త్రీచిత్తము కలవారు మూడవ లింగమునకు చెందినవారని వ్రాయసాగెను. 1869లో కార్ల్ మరియా కెర్ట్‌బెనీ యను రచయిత, గ్రీకు లాటిను ధాతువులను కలిపి హోమోసెక్సువల్ అను పదమును కల్పించెను. శిక్షను వ్యతిరేకించుటకై పుట్టిన ఆ పదమును అనతికాలమున వైద్యులు రోగనామముగా గ్రహించిరి. చేసిన పనికి కాక, మనిషికే పేరు పెట్టు పద్ధతి ఐరోపాయందు ఇట్లు స్థిరపడినది. డానియేలూ యువకుడగు నాటికి ఈ పదము లోకవ్యవహారమునకు వచ్చి ఎంతో కాలము కాలేదు.

1932లో ఆయన స్విట్జర్లండు దేశీయుడగు రేమోన్ బుర్నియే అను మిత్రునితో తూర్పుదేశములకు పయనించెను. బుర్నియే ఛాయాచిత్రకారుడు, ధనికకుటుంబీకుడు, డానియేలూకు చిరకాల జీవితసహచరుడు. వారిరువురు శాంతినికేతనమున రవీంద్రనాథ ఠాకూరు ఆదరమునకు పాత్రులైరి. రవీంద్రుని గీతములకు పాశ్చాత్యస్వరలిపి వ్రాయు పని డానియేలూకు లభించెను. 1930ల ఉత్తరార్ధమున వారు కాశీలో, అస్సీఘట్టమునందలి రీవా కోఠీ యను భవనమున స్థిరపడి, పదునైదేండ్లకు పైగా నివసించిరి. ఖజురాహో, భువనేశ్వరము, కోణార్కము మొదలగు చోట్ల దేవాలయశిల్పములను బుర్నియే ఛాయాచిత్రములుగా తీయగా, డానియేలూ వాని ప్రతీకార్థములను పరిశోధించెను.

కాశీలో ఆయన నేర్చినది యాత్రికులు నేర్చునంతటిది కాదు. శివేంద్రనాథ బసువు యొద్ద వీణావాదనమును దీక్షతో అభ్యసించెను. హిందీ సంస్కృతములను పండితులయొద్ద సంప్రదాయపద్ధతిని చదివెను. సనాతనధర్మపక్షమునకు నాయకులగు స్వామి కరపాత్రీజీ అనుగ్రహమున శైవదీక్షపొంది శివశరణుడను నామము ధరించెను. 1949లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున సంగీతపరిశోధనాచార్యుడుగా నియుక్తుడయ్యెను. ఆయన ఆశ్రయించిన పండితవర్గము సంస్కరణవాదులది కాదనుట గమనింపదగినది. కరపాత్రీజీ 1948లో రామరాజ్యపరిషత్తును స్థాపించి హిందూధర్మచట్టమును తీవ్రముగా ఎదిరించిన వారు. అట్టి వర్గమునందే తన స్వభావమునకు స్థానము దొరకినదని డానియేలూ భావించెను. వర్ణవ్యవస్థ ఎవరి ప్రకృతిని బట్టి వారికి స్థానమిచ్చుననియు, అందఱికి ఒకే నీతి విధించుట క్రైస్తవలక్షణమనియు ఆయన వాదము. ఆ వ్యవస్థవలన బాధపడినవారి పక్షమును ఆయన విచారింపలేదనుట ఆ వాదమునందలి పెద్దలోపము.

ఇంగ్లీషు విద్యవలన వచ్చిన సంకోచమే భారతీయుల నోటికి తాళము వేసినదని ఆయన అభిప్రాయము. ఈ మాటకు ఆంధ్రవాఙ్మయమున నిదర్శనము లేకపోలేదు. ముద్దుపళని రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటింపగా అది అశ్లీలమను పేర నిషేధింపబడి, 1947లో గాని నిషేధవిముక్తి పొందలేదు. అయినను శాస్త్రములన్నియు ఈ విషయమున ఉదారములని చెప్ప వీలులేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము పురుషుల పరస్పరసంగమమునకు ప్రథమసాహసదండమును విధించెను. మనుస్మృతి ఒకచోట దానిని జాతిభ్రంశకరములలో చేర్చెను. వేఱొకచోట సచేలస్నానమును ప్రాయశ్చిత్తముగా చెప్పెను. మరణదండనము విధించిన నాటి ఐరోపా శాసనములతో పోల్చిన ఇది స్వల్పము. స్వల్పమైనను దోషము దోషమే కదా. ధర్మశాస్త్రము, అర్థశాస్త్రము, కామశాస్త్రము ఒకే విషయమును మూడు ప్రయోజనముల దృష్ట్యా మూడు విధముల పలికినవి. డానియేలూ కామశాస్త్రపు పలుకును సంస్కృతి అంతటి పలుకుగా గ్రహించెను.

1954లో ఆయన కాశీని విడిచి మదరాసులోని అడయారు గ్రంథాలయపరిశోధనాకేంద్రమునకు అధ్యక్షుడై వచ్చెను. రెండేండ్ల పిమ్మట 1956లో పుదుచ్చేరిలోని ఫ్రెంచి భారతవిద్యాసంస్థలో చేరెను. తరువాత ఫ్రెంచి ప్రాచ్యవిద్యాపీఠమునకు సభ్యుడయ్యెను. సంస్థకు అప్పటి అధ్యక్షుడు జాన్ ఫిలియోజా. శైవాగమముల తాళపత్రప్రతులను సేకరించి పరిష్కరించు మహాకార్యము అక్కడ అప్పుడే ఆరంభమైనది. ఆ కార్యమునకు ప్రాణభూతుడగు ఎన్. ఆర్. భట్ పండితునితో కలిసి డానియేలూ 1959లో భరతుని పేర నున్న గీతాలంకారమను సంగీతగ్రంథమును, పురాణములలోని సంగీతప్రకరణములను ఫ్రెంచి అనువాదముతో ప్రకటించెను.

ఆ నాటి పుదుచ్చేరి రెండు చట్టముల నడుమ నున్న పట్టణము. 1954 నవంబరు 1న పరిపాలన భారతప్రభుత్వమునకు సంక్రమించినను, చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న గాని జరుగలేదు. బ్రిటిషు ఇండియాలో 1860 నాటి శిక్షాస్మృతి తన 377వ సెక్షనున, ప్రకృతివిరుద్ధమను పేర స్వలింగసంగమమునకు యావజ్జీవశిక్షవఱకు విధించెను. ఫ్రెంచి స్మృతియందు అట్టి నేరము లేదు. 1963 అక్టోబరు 1నుండి భారతశిక్షాస్మృతి పుదుచ్చేరికి విస్తరింపబడినది. తెలుగు మాటాడు యానాము కూడ అదే పాలనలోనిదగుటచే అదే మార్పును పొందెను. అనగా కొలదిమైళ్ల ఎడమున నున్న మదరాసురాష్ట్రపు ఊరిలో నేరమైనది పుదుచ్చేరి వీథులలో నేరము కాకుండెను. విలీనానంతరము అక్కడను నేరమయ్యెను. ఒక తరగతి ప్రజల స్వభావము ప్రకృతివిరుద్ధమా కాదా యనునది పటమునందలి గీతను బట్టి నిర్ణయమైన కాలమది. ఆ చట్టమున ప్రకృతి యను మాటకును, కామసూత్రములలోని ప్రకృతి యను మాటకును ఉన్న విరోధము గమనింపదగినది. మొదటిదానియందు ప్రకృతి యొక్కటే. దానికి విరుద్ధమైనది శిక్షార్హము. రెండవదానియందు ప్రకృతులు మూడు.

పుదుచ్చేరిలో నున్న కాలమున డానియేలూ తమిళసాహిత్యమువైపు తిరిగెను. ఆర్. ఎస్. దేశికన్ సహాయమున శిలప్పదికారమును ఫ్రెంచిలోనికి అనువదించెను. అది 1961లోను, దాని ఇంగ్లీషు అనువాదము 1965లోను వెలువడినవి. చాలకాలమునకు టి. వి. గోపాలయ్యరు సహకారమున మణిమేకలను కూడ అనువదించెను. శిలప్పదికారమునందు మాధవి ఆడిన పదునొకండు నృత్యములలో పేడియాటము ఒకటి. బాణాసురుని నగరమున మన్మథుడు పేడిరూపమున ఆడిన నాట్యమని దానికి ఐతిహ్యము. కామదేవుడే ఆ రూపము ధరించుట, దానిని నాట్యశాస్త్రము ఒక ప్రత్యేకనృత్యముగా లెక్కించుట ఈ వాఙ్మయపు విశేషములు.

పేడి శబ్దము ద్రావిడభాషలకు సామాన్యము. తెలుగున తిక్కన విరాటపర్వమున బృహన్నల వేషము ధరించిన అర్జునునియెడ ఈ పదము ప్రసిద్ధము. కన్నడమున పకారము హకారముగా మాఱి హేడి యై, పిఱికివాడను అర్థమున నిలిచినది. మలయాళమున పేడి యనగా భయము. రూపమును చెప్పు పదము గుణమును, అటుపై నిందను చెప్పునదిగా మాఱిన తీరు ఈ పదమున స్పష్టము. తొల్కాప్పియము సొల్లదికారారంభముననే దీనిని విచారించెను. మనుష్యవర్గమునకు పురుష, స్త్రీ, బహువచన ప్రత్యయములు మూడే కలవు. పేడికి నాలుగవ ప్రత్యయము లేదు. ఆ వర్గపు ప్రత్యయములలోనివే దానికి చేరును. లోకమున వ్యక్తి యున్నాడు, వ్యాకరణమున ప్రత్యేకస్థానము లేదు. అయినను వానిని అచేతనవర్గమున చేర్పక మనుష్యవర్గముననే నిలుపుట ప్రాచీనవ్యాకర్త వివేకము.

పుదుచ్చేరికి పశ్చిమమున, కళ్లకుఱిచ్చి జిల్లాలోని కూవాగమను గ్రామమున చైత్రమాసమున జరుగు కూత్తాండవరు ఉత్సవము కూడ ఈ సందర్భమున స్మరింపదగినది. ఆంధ్రమహాభారతమున భీష్మపర్వమునందు మరణించు ఇరావంతుడే అక్కడి దేవుడు. బలియగుటకు ముందు ఆయనను మోహినీరూపమున కృష్ణుడు వరించెనను స్థలకథను బట్టి, అరవానులనబడు వారు ఆయన పేర తాళిగట్టించుకొని, మఱునాడు దానిని తెంపి శోకింతురు. ఈ ఉత్సవము ప్రధానముగా లింగభావమునకు సంబంధించినది, అనురాగప్రవృత్తికి కాదు. ఈ రెండును వేఱని ఆధునికులు విభజింతురు. పేడి, షండ, తృతీయాప్రకృతి మొదలగు ప్రాచీనపదములు ఆ విభజనను పాటింపవు.

1960 ప్రాంతమున డానియేలూ ఐరోపాకు మరలెను. 1963లో పశ్చిమబెర్లినున తులనాత్మకసంగీతాధ్యయనమునకు అంతర్జాతీయసంస్థను స్థాపించి, యునెస్కో పక్షమున ప్రాచ్యసంగీతపు ధ్వనిముద్రికలను ప్రకటించెను. భారతసంగీతము పాశ్చాత్యవేదికలమీద గౌరవము పొందుటకు ఈ కృషి మిక్కిలి తోడ్పడినది. ఆయన మరలివచ్చిన ఐరోపా ఆయన విడిచినదానికంటె కఠినము. ఫ్రాన్సులో విషీ ప్రభుత్వము 1942లో స్వలింగసంబంధములకు ప్రత్యేకవయోనియమము విధించియుండెను. 1960లో ఆ దేశపు శాసనసభ స్వలింగానురాగమును సామాజికవిపత్తుల పట్టికలో చేర్చెను. పశ్చిమజర్మనీలో 175వ నిబంధన నాజీకాలపు రూపముననే 1969వఱకు అమలులో నుండెను. అనగా ఆయన పని చేసిన బెర్లినున ఆయన జీవితవిధానము ఆ సంవత్సరమువఱకు కారాగారయోగ్యము.

తరువాత రోమునగరసమీపమున జగరోలో గ్రామమున నివసించుచు ఆయన వరుసగా గ్రంథములు వెలయించెను. 1979లో శివుని, గ్రీకుల డయోనీససును పోల్చి వ్రాసిన పుస్తకము, 1981లో స్వీయచరిత్ర వెలువడినవి. స్వీయచరిత్రయందు తన అనురాగములను పశ్చాత్తాపములేక, విజ్ఞాపనములేక చెప్పెను. చివరి మహాకృషి కామసూత్రముల సంపూర్ణానువాదము. యశోధరుని జయమంగళావ్యాఖ్యతోను, దేవదత్తశాస్త్రి హిందీవ్యాఖ్యలోని భాగములతోను అది ఫ్రెంచిలో 1992లోను, ఇంగ్లీషులో 1994లోను ప్రకటితమైనది.

ఆయన పట్టుదలకు కారణము 1883 నాటి బర్టన్ ప్రచురణ. భగవాన్‌లాల్ ఇంద్రజీ మొదలగు భారతపండితుల శ్రమపై నిలిచిన ఆ ప్రచురణలో తృతీయాప్రకృతి యను పదము నపుంసకుడను అర్థమున అనువదింపబడినది. అమరకోశమున మనుష్యవర్గమునందు ఈ పదము షండ క్లీబ నపుంసకములతో పాటు పఠింపబడుటచే ఆ అర్థమునకు ఆధారము లేకపోలేదు. కాని వాత్స్యాయనుడు సాంప్రయోగికాధికరణము తొమ్మిదవ అధ్యాయమున చెప్పిన తృతీయాప్రకృతి రెండు విధములు: స్త్రీరూపము గలది, పురుషరూపము గలది. పురుషరూపుడు తన కోరికను గుప్తముగా నుంచుకొని అంగమర్దనవృత్తిని జీవించును. ఇక్కడ దేహవైకల్యప్రసక్తి లేదు, ఉన్నది కోరిక. నపుంసకుడనుట ఈ స్థలమున పొసగదని డానియేలూ గుర్తించెను. ఆయన అనువాదమునకు ఇది శాశ్వతమగు మేలు.

అంతటితో ఆగక ఆయన తృతీయాప్రకృతికి ఆధునికమగు స్వలింగానురాగిపదమునే సమానముగా నిలిపెను. అదే అధ్యాయమున, పరస్పరవిశ్వాసముగల నాగరకులు కొందఱు తమలో తాము అట్టి సుఖము ననుభవింతురని వాత్స్యాయనుడు చెప్పెను. వారిని తృతీయాప్రకృతి యనలేదు. ఆచరణము సమానమైనను పేరు సమానము కాదు. పైగా అక్కడి పరిగ్రహశబ్దమునకు డానియేలూ వివాహార్థము చెప్పెను. పరిగ్రహమునకు భార్యాస్వీకారార్థము కలదనుట నిజమే. అయినను ఆ ప్రకరణమున పరస్పరాంగీకారమను సామాన్యార్థమే సుకరము. స్వేచ్ఛాచారిణియగు స్త్రీని తెలుపు స్వైరిణీశబ్దమును ఆయన స్త్రీలయందే అనురాగము గల స్త్రీగా అనువదించెను. 2002లో సుధీర్ కాకర్‌తో కలిసి నూతనానువాదము వెలువరించిన వెండీ డోనిగర్ ఈ అనువాదమును ఆక్షేపించెను.

నేటి అర్థమునకు సమీపించు విభజన జైనశాస్త్రములయందు కనిపించును. దేహచిహ్నము వేఱు, కామోదయరూపమగు వేదము వేఱనియు, పుంవేద స్త్రీవేద నపుంసకవేదములు దేహముతో ఏకీభవింపకయుండవచ్చుననియు వారి సిద్ధాంతము. శైవశాస్త్రములయందు మునిగిన డానియేలూ దృష్టి ఇటు తగినంత ప్రసరింపలేదు. భారతీయదృష్టి ఒక్కటి కాదు, ఎన్నో దృష్టులున్నవి. ఈ దేశపు పాలకులు కూడ ఒకే తీరున ప్రవర్తింపలేదు. హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919లో, హిజ్రాలను నియంత్రించుటకు చేసిన చట్టమును తెలంగాణ ఉన్నతన్యాయస్థానము 2023 జూలైలో గాని కొట్టివేయలేదు.

డానియేలూ 1994 జనవరి 27న స్విట్జర్లండులోని లోనే గ్రామమున పరమపదించెను. ఆ సంవత్సరముననే జర్మనీలో 175వ నిబంధన పూర్తిగా రద్దయ్యెను. పుదుచ్చేరికి 1963లో వచ్చిన 377వ సెక్షనును వయోజనుల సమ్మతసంబంధముల విషయమున చెల్లదని భారతసర్వోన్నతన్యాయస్థానము 2018 సెప్టెంబరు 6న తీర్పుచెప్పెను. 2014లో అదే న్యాయస్థానము మూడవ లింగమునకు చట్టబద్ధమగు గుర్తింపునిచ్చెను. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయన్యాయసంహితయందు 377వ సెక్షనుకు ప్రతిరూపము లేదు.

తృతీయాప్రకృతిని నేటి స్వలింగానురాగమని చదువుట డానియేలూ చేసిన అతివ్యాప్తి. నపుంసకుడని చదువుట బర్టన్ చేసిన అవ్యాప్తి. ఇరువురును తమకు తెలిసిన పేటికలో పరాయి పదమును ఇమిడ్చిరి. డానియేలూ పొరపాటుకు ప్రేరణము ద్వేషము కాదు, ఆశ్రయాన్వేషణము. తన్ను పాపియనియు రోగియనియు పిలిచిన భాషలనుండి వచ్చినవానికి, ప్రకృతి యను మాట గల భాష పుట్టినింటికంటె దగ్గఱయగుట సహజము. పేడి, షండ, క్లీబ, తృతీయాప్రకృతి, స్వైరిణి మొదలగు పదముల ప్రయోగములను తెలుగు, తమిళ, కన్నడ, ప్రాకృతవాఙ్మయములనుండి కాలక్రమమున సేకరించి, ప్రతి ప్రయోగమున దేహము, వేషము, క్రియ, కోరిక అను నాలుగింటిలో ఏది ఉద్దిష్టమో నిర్ణయించు పని నిలిచియున్నది. డానియేలూ ఉత్సాహముతో ఆరంభించినదానిని ప్రమాణముతో ముగించుట భారతీయభాషాపండితుల బాధ్యత.